ఎండ డాబా మీద ఇండోర్ మొక్కలకు కవరు: ఎంచుకోవడం నుంచి కట్టుకోవడం దాకా

పోర్టబుల్ గ్రీన్‌హౌస్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా ఒకే రకం బొమ్మ కనిపిస్తుంది. నాలుగు అరల సన్నటి ఇనుప స్టాండు, దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు, ముందువైపు రెండు జిప్పులు. మంచు పడే దేశాల్లో, దొరికిన కాస్త ఎండనూ పట్టి లోపల దాచుకోవడానికి పుట్టిన వస్తువు అది. హనుమకొండలో డాబా మీద ఏప్రిల్ మధ్యాహ్నం దాని జిప్పు మూసి ఉంచితే లోపలి వేడి చూస్తుండగానే బయటి కంటే పది డిగ్రీలకు పైగా పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల 52 దాటుతుంది. అంత వేడిలో మనీప్లాంట్ లాంటి మొండి మొక్క కూడా ఉడికిపోతుంది.

అలాగని కవరే వద్దనుకోనక్కర్లేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు డాబా మీద ఇండోర్ మొక్కలు పెంచాలంటే ఏదో ఒక కప్పు ఉండాల్సిందే. కాకపోతే ఇక్కడ దాని మొదటి పని ఎండను తగ్గించడం, తర్వాత వానను మళ్లించడం. చలిని ఆపడం చివరి పని, అదీ కొద్ది వారాలే. ఈ మూడు పనులూ ఒకే ప్లాస్టిక్ తొడుగు చేయలేదు. అందుకే నా సలహా ఒక్కటే: చట్రం ఒకటి గట్టిది కొనండి, దాని మీద కాలాన్ని బట్టి మార్చుకునే గుడ్డలు విడిగా కొనండి. ఇక మిగతాదంతా ఆ చట్రం ఎలాంటిది, ఆ గుడ్డలు ఎలాంటివి అన్నదే.

మొదటి పని: ఎండ ఎటు నుంచి పడుతుందో చూడండి

కొనేముందు ఒక సెలవు రోజు డాబా మీద ఎండను గమనించండి. ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు మొక్కలు పెట్టదలచిన చోట ఎండ పడుతోందా, నీడ ఉందా రాసుకోండి. నీళ్ల ట్యాంకు, మెట్లగది, పక్కింటి గోడ ఎటువైపు నీడనిస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. మెట్లగదికి తూర్పున చోటు ఉంటే సగం సమస్య తీరినట్టే. సాయంత్రపు ఎండ దాన్ని దాటి రాదు.

ఒక్కరోజు గమనించినదే ఏడాదంతా ఉంటుందనుకోకూడదు. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 12 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మిట్టమధ్యాహ్నం సూర్యుడు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. డిసెంబరులో మాత్రం దక్షిణాన కిందికి దిగిపోతాడు. మధ్యాహ్నం 12కు కూడా మీటరు కర్ర నీడ 90 సెంటీమీటర్ల దాకా పడుతుంది. అంటే వేసవిలో పైకప్పు మీద నీడనిచ్చే నెట్ ఉంటే మధ్యాహ్నం గడిచిపోతుంది కానీ, చలికాలంలో అదే పైకప్పు కిందుగా ఎండ దక్షిణం నుంచి లోపలికి దూరుతుంది. చలికాలపు ఎండ మెత్తనిది కాబట్టి దాన్ని రానివ్వడమే మంచిది.

చాలామంది పట్టించుకోనిది సాయంత్రపు ఎండ. మే నెలలో సూర్యుడు నేరుగా పడమర అస్తమించడు, అక్కడి నుంచి 20 డిగ్రీల దాకా ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. కాబట్టి పడమటి వైపు దించే నెట్ వాయవ్య మూల చుట్టూ తిరిగి ఉత్తరం వైపు కనీసం రెండు అడుగులు రావాలి. పొద్దుటి నుంచి కాగిన గాలి, కాగిన స్లాబు, వాటికి తోడు ఏటవాలుగా కొట్టే సాయంత్రపు ఎండ. ఆకులు మాడేది ఎక్కువగా ఆ 3 నుంచి 5 గంటల మధ్యే.

రెండో పని: మీ మొక్కలకు ఎంత వెలుతురు కావాలో తేల్చుకోండి

నడి వేసవి మధ్యాహ్నం నేరుగా పడే ఎండ సుమారు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) ఉంటుంది. ఇండోర్ మొక్కలుగా అమ్మేవాటిలో చాలావాటికి పది నుంచి ఇరవై వేల లక్స్ పుష్కలం. అగ్లోనిమా, కలాథియా, పీస్ లిల్లీ, ఫెర్న్‌లకు ఇంకా తక్కువైనా సరిపోతుంది. అరెకా పామ్, రబ్బరు మొక్క, మనీప్లాంట్ కాస్త ఎక్కువ తట్టుకుంటాయి. స్నేక్ ప్లాంట్, కలబంద, జేడ్ లాంటి మందపాటి ఆకుల మొక్కలైతే సగం ఎండలోనూ బతుకుతాయి.

ఫోనులో లక్స్ కొలిచే యాప్‌లు ఉన్నాయి. వాటి అంకెలు అంత కచ్చితం కాకపోయినా ఎండకూ నీడకూ తేడా తెలుసుకోవడానికి పనికొస్తాయి. అదీ వద్దనుకుంటే ఆకుకు అడుగు ఎత్తున అరచెయ్యి పట్టి నీడ చూడండి. వేళ్ల అంచులు గీత గీసినట్టు పడితే అది నేరుగా కొట్టే ఎండ. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు చెదిరినట్టుంటే ఆకుమొక్కలకు సరిపోయే వెలుతురు. నీడ పడిందో లేదో తెలియకపోతే అక్కడ కలాథియా కూడా సన్నగా సాగిపోతుంది.

మరో మాట. కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలైనా, స్థానిక నర్సరీలోవైనా చాలావరకు నెట్ కిందే పెరుగుతాయి. కొన్న రోజే వాటిని బట్టబయలు డాబా మీద పెడితే రెండు మూడు రోజుల్లో ఆకు మధ్యలో గోధుమరంగు మచ్చ వస్తుంది. ముట్టుకుంటే కాగితంలా గరగరలాడుతుంది. ఆ మచ్చ మళ్లీ పచ్చబడదు. దాన్ని తెగులు అనుకుని మందులు కొట్టేవాళ్లు ఉన్నారు. అది తెగులు కాదు, ఎండదెబ్బ.

మూడో పని: గుడ్డ ఎంచుకోండి

ముందు షేడ్ నెట్. ఇది హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ దారంతో అల్లినది. దుకాణంలో 35, 50, 75, 90 శాతం అని అడుగుతారు. ఆ అంకె ఆపే వెలుతురుది, లోపలికి వచ్చేది కాదు. 75 శాతం నెట్ కింద లక్ష లక్స్ ఎండ పాతిక వేలవుతుంది, 90 శాతం కింద పది వేలు. రెండు 50 శాతం నెట్‌లు ఒకదాని మీద ఒకటి వేస్తే 100 శాతం కాదు, 75 శాతం నీడే వస్తుంది. మొదటిది సగం ఆపితే మిగిలిన సగంలో సగం రెండోది ఆపుతుంది. నేనైతే ఒకే 75 శాతం నెట్ కంటే రెండు 50 శాతం నెట్‌లే కొంటాను. ఎండాకాలం రెండూ వేసి, వానాకాలం మబ్బు పట్టినప్పుడు ఒకటి తీసేయొచ్చు. జులైలో 75 శాతం నెట్ కింద మొక్క వెలుతురు చాలక ముఖం వాలుస్తుంది.

నెట్ రంగు సంగతి. ఊళ్లో ఎక్కడ చూసినా ఆకుపచ్చ నెట్టే కనిపిస్తుంది. అది తప్పేమీ కాదు, కానీ మొక్కకు అంతగా పనికిరాని పచ్చ వెలుతురే అది ఎక్కువగా లోపలికి వదులుతుంది. నల్ల నెట్ ఏ రంగునూ మార్చకుండా వెలుతురును తగ్గిస్తుంది, ఎండకు ఎక్కువ కాలం మన్నుతుంది కూడా. కానీ అది బాగా వేడెక్కుతుంది కాబట్టి ఆకులకు కనీసం రెండు అడుగుల ఎత్తున కట్టాలి. తెల్ల నెట్ వెలుతురును చెదరగొట్టి నాలుగు వైపులా పంచుతుంది, వేడి తక్కువ పడుతుంది. దొరికితే ఆకుమొక్కలకు అదే మేలు. వెండి రంగులో మెరిసే అల్యూమినియం నెట్ ఎండను తిప్పికొడుతుంది, కాని ధర ఎక్కువ. చిన్న డాబాకు అంత అవసరం లేదు.

అల్లిక కూడా చూడండి. పట్టీలాంటి దారంతో అల్లిన టేప్ నెట్ చవక. గుండ్రటి దారంతో అల్లిన మోనోఫిలమెంట్ నెట్ గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది. టేప్ నెట్‌ను గట్టిగా లాగి కడితే కన్నాలు పెద్దవై నీడ తగ్గిపోతుంది. కాస్త వదులుగా, కానీ గాలికి పటపట కొట్టుకోకుండా కట్టాలి. షేడ్ నెట్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 16008. ఆ ముద్ర ఉన్న సరుకు వ్యవసాయ సామగ్రి దుకాణంలో అడిగితే దొరకవచ్చు. ఆన్‌లైన్‌లో రంగురంగుల పేర్లతో వచ్చేవాటికి శాతం కూడా సరిగ్గా రాసి ఉండదు.

ఇక ప్లాస్టిక్. దీన్ని కొన్ని దుకాణాల్లో గేజ్ లెక్కన, కొన్నిచోట్ల మైక్రాన్ లెక్కన అమ్ముతారు. రెండూ షీటు మందానికి కొలతలే. ఒక మైక్రాన్ సుమారు నాలుగు గేజ్‌లు. పాలీహౌస్‌లకు వాడేది 200 మైక్రాన్, అంటే 800 గేజ్. చిన్న చట్రానికి 120 నుంచి 200 మైక్రాన్ల మధ్య ఏదైనా సరే, అది యూవీ స్టెబిలైజ్డ్, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలకు త్వరగా పాడవకుండా చేసినది అయి ఉండాలి. ఈ మాట చాలా ముఖ్యం. మామూలు పాలిథిన్ షీటు కొన్న రోజు దీనిలాగే మెరుస్తుంది. ఒక్క వేసవి గడిచాక పసుపెక్కి, మడిచిన చోటల్లా పెళుసుగా విరుగుతుంది. కంటికి తేడా తెలియదు కాబట్టి బిల్లు మీద యూవీ అని, ఎన్నేళ్ల హామీ అని రాయించుకోండి. రాయడానికి వెనకాడితే మరో దుకాణానికి వెళ్లండి.

రెడీమేడ్ తొడుగుల్లో ఎక్కువగా ఉండేవి రెండు రకాలు. గాజులా పారదర్శకంగా ఉండే పీవీసీ ఒకటి, లోపల గళ్ల గళ్ల దారం ఉన్న పీఈ (పాలిథిన్) షీటు మరొకటి. మన ఎండకు గళ్ల షీటే నయం. చిరిగినా చిరుగు గడి దాటి పాకదు, తెల్లగా ఉండటం వల్ల ఎండను చెదరగొడుతుంది. పారదర్శక పీవీసీ చూడటానికి అందంగా ఉంటుంది, అంతే. నీలిరంగు టార్పాలిన్ మాత్రం మొక్కల మీద వేయకండి. అది వడ్ల కుప్ప మీదికి పనికొస్తుంది కానీ మొక్కకు వెలుతురే రానివ్వదు.

నాలుగో పని: చట్రం, గాలి, కోతులు

కవరు ఎగిరిపోవడం ఇక్కడ మామూలు విషయం. మార్చి నుంచి మే వరకు ఉత్తర తెలంగాణలో సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేస్తుంది, వెంట అకాల వర్షం, ఒక్కోసారి వడగళ్లు. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు గుడ్డను సుమారు 17 కిలోల బరువుతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. మార్కెట్‌లో దొరికే నాలుగు అరల స్టాండు సుమారు 70 సెం.మీ. వెడల్పు, 50 సెం.మీ. లోతు, 160 సెం.మీ. ఎత్తు ఉంటుంది. దాని ముందు ముఖమే చదరపు మీటరు దాటుతుంది. ఖాళీ స్టాండు బరువు నాలుగైదు కిలోలు. మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

కాబట్టి ప్లాస్టిక్ జాయింట్లతో బిగించే సన్న గొట్టాల స్టాండు కొంటే దాన్ని పిట్టగోడకో మెట్లగది గోడకో హుక్కులు కొట్టి తాడుతో కట్టాల్సిందే. కింది అరలో బరువైన మట్టి కుండీలు, పై అరలో తేలికవి పెట్టండి. గోడకు కట్టే వీలు లేకపోతే ప్రతి కాలికి పది కిలోల ఇసుక సంచి కట్టండి. ఇసుక లీటరు ఒకటిన్నర కిలో పైనే తూగుతుంది కాబట్టి సంచులు పెద్దవి అక్కర్లేదు. స్లాబుకు డ్రిల్లు పెట్టి బోల్టులు బిగించే ఆలోచన మానుకోండి. మొదటి వానకే ఆ కన్నాల్లోంచి కింది గదిలోకి నీరు కారుతుంది.

ఖర్చు పెట్టగలిగితే అంగుళం జీఐ పైపుతో (జింకు పూత ఉన్న ఇనుప పైపు) వెల్డింగ్ షాపులో చట్రం చేయించుకోవడమే మేలు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, ముందు 7 అడుగులు, వెనక 6 అడుగుల ఎత్తు అని చెప్పండి. ఆ ఒక్క అడుగు వాలు వానాకాలంలో ఎంతో ఆదుకుంటుంది. వాలు లేని పైకప్పు మీద ప్లాస్టిక్ పొట్టలా కిందికి దిగి నీరు నిలుస్తుంది. చదరపు మీటరు మేర ఒక్క సెంటీమీటరు నీరు నిలిచినా పది కిలోలు. రాత్రంతా వాన పడితే పొద్దుటికి చట్రం వంగి ఉంటుంది. పైపులకు పై భాగంలో తెల్ల రంగు వేయించండి, లేదా పాత గుడ్డ పీలికలు చుట్టండి. కాలిన ఇనుము తగిలిన చోటే ప్లాస్టిక్ ముందుగా చిరుగుతుంది. పీవీసీ పైపుతో చట్రం చేసుకునేవాళ్లూ గుడ్డ చుట్టడం మరచిపోవద్దు. ఆ పైపు తగులుతూ ఉంటే పాలిథిన్ షీటు ఆయుష్షు తగ్గుతుంది. మొక్కలకు కొట్టే గంధకం పొడి కూడా అంతే.

కోతుల సంగతి వరంగల్ వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. నెట్ మీద దూకి ఊగుతాయి, ప్లాస్టిక్‌ను గోళ్లతో చీల్చి లోపల ఏముందో చూస్తాయి. కోతుల బెడద ఉన్న వీధి అయితే పైకప్పు మీద నెట్ కింద సన్నని వెల్డెడ్ మెష్ వేయించండి. లోపల టమాటా, జామ లాంటివేవీ పెట్టకండి. జిప్పులు లాగడం వాటికి చేతకాకపోవచ్చు, చీల్చడం మాత్రం బాగా వచ్చు.

అయిదో పని: ఎక్కడెక్కడ తెరుచుకుంటుందో చూడండి

ఒకవేళ రెడీమేడ్ తొడుగే కొనదలిస్తే మిగతా అన్నింటి కంటే ముందు చూడాల్సింది ఇదే. వేడిగాలి పైకి లేస్తుంది. పైన దారి, కింద దారి రెండూ ఉంటేనే అది కదులుతుంది. ముందు తలుపు ఒక్కటే చుట్టి పైకి కట్టే రకం అయితే పై అరలోని మొక్కలు ఉడుకుతూనే ఉంటాయి. రెండు పక్కలా మెష్ కిటికీలు, వెనక గోడ కూడా పైకి చుట్టుకునే ఏర్పాటు ఉన్నది తీసుకోండి. తెరుచుకునే భాగాలన్నీ కలిపి నేల వైశాల్యంలో అయిదో వంతు అన్నది గ్రీన్‌హౌస్‌లు కట్టేవాళ్లు చెప్పే కనీస లెక్క. మన ఎండకు సగం గోడలు తెరుచుకున్నా ఎక్కువ కాదు.

పురుగులు రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) నెట్ ఉన్న కిటికీలు మంచివని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే కానీ ఆ నెట్ గాలినీ ఆపుతుంది. గాలాడని వేడి పొడి చోట ఎర్రనల్లి, పిండినల్లి ఇంకా బాగా పెరుగుతాయి. నాలుగు ఇండోర్ మొక్కలకు అంత కట్టుదిట్టం అవసరం లేదు. వారానికోసారి ఆకుల అడుగు భాగం తడిగుడ్డతో తుడిస్తే చాలు.

జిప్పును కొన్న రోజే పదిసార్లు లాగి చూడండి. అది ఒక్క వైపు నుంచే కాకుండా రెండు వైపుల నుంచీ తెరుచుకునేదై ఉండాలి. ప్లాస్టిక్ జిప్పు నయం, ఇనుపది మన వానలకు తుప్పు పడుతుంది. తాడు కట్టే రింగుల చుట్టూ గుడ్డ రెండు మూడు మడతలుగా కుట్టి ఉందో లేదో చూడండి. గాలికి చిరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆరో పని: కట్టి, రెండు రోజులు ఖాళీగా ఉంచండి

చట్రం నిలబెట్టి గుడ్డ కట్టగానే మొక్కలు పెట్టేయకండి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే చిన్న డిజిటల్ మీటరు పై అర ఎత్తున, ఎండ నేరుగా తగలకుండా వేలాడదీసి రెండు రోజులు చూడండి. బయటి కంటే లోపల గరిష్ఠం రెండు మూడు డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే గాలికి దారి చాలడం లేదని అర్థం. తర్వాత ముందు మొండి మొక్కలు, వారం తర్వాత సున్నితమైనవి పెట్టండి.

నెట్ గాలి వేడిని తగ్గిస్తుందని ఆశపడొద్దు. అది ఆకు మీద పడే ఎండను తగ్గిస్తుంది, అంతే. బయట 44 ఉంటే నెట్ కిందా దాదాపు అంతే ఉంటుంది. వేడి తగ్గాలంటే నీరు ఆవిరి కావాలి. పడమటి వైపు గోనెసంచులో వట్టివేళ్ల తడికలో కట్టి మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి తడపండి. కుండీలు నేరుగా స్లాబు మీద కాకుండా ఇటుకల మీదో చెక్క మీదో ఉంచండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదింటి దాకా వేడి చిమ్ముతూనే ఉంటుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మాత్రం కలాథియా, ఫెర్న్, పీస్ లిల్లీలను ఇంట్లోకి తెచ్చేయండి. ఆ రెండు వారాలు ఏ కవరూ వాటిని కాపాడదు.

కాలాన్ని బట్టి మార్చడం

మృగశిర కార్తె వచ్చి వానలు మొదలయ్యాక ఒక నెట్ తీసి, పైకప్పు మీద మాత్రమే ప్లాస్టిక్ వేయండి. పక్కలు తెరిచే ఉంచండి. వానలో మొక్కను తడవనిస్తే మంచిదే కానీ, రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కుండీల్లో నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. పైకప్పు అందుకే. బతుకమ్మ పండుగ నాటికి వాన తగ్గుతుంది, అప్పుడు మళ్లీ నెట్ ఒక్కటే చాలు.

చలికాలంలో వరంగల్‌లో రాత్రి ఉష్ణోగ్రత ఎక్కువగా 13, 15 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఇండోర్ మొక్కల్లో చాలావాటికి దానితో పేచీ లేదు. అగ్లోనిమా, కలాథియా మాత్రం 15 కంటే తగ్గితే ఆకులు పసుపెక్కిస్తాయి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పదికి దిగువన కూడా పడిపోతుంది. అక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో నాలుగు పక్కలా ప్లాస్టిక్ అవసరమే. అయినా పలుచని షీటు రాత్రంతా వేడిని పట్టి ఉంచలేదు. దానివల్ల తేడా రెండు మూడు డిగ్రీలే. లోపల 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఒకటి రెండు ఉంచితే పగలు కాగిన నీరు రాత్రి వెచ్చదనం ఇస్తుంది. పొద్దున 9 గంటలకల్లా జిప్పు తెరవాలి. షీటు లోపలి వైపు పేరుకున్న మంచు బొట్లు ఆకుల మీద పడి మచ్చలు చేస్తాయి. పైగా ఎండెక్కాక మూసి ఉంటే జనవరిలో కూడా లోపల 40 దాటుతుంది.

శివరాత్రి దాటితే చలి పోయినట్టే. పక్కల ప్లాస్టిక్ విప్పి, సబ్బునీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, మడతలు పడకుండా గొట్టానికి చుట్టి దాచండి. ఎలుకలు తిరిగే చోట, ఎండ పడే కిటికీ పక్కన పెట్టకండి. గోదావరిఖని, రామగుండం వైపు ఉండేవాళ్లు నెట్‌ను కూడా నెలకోసారి పైపుతో కడగాలి. బొగ్గు ధూళి పట్టిన 50 శాతం నెట్ కొద్ది వారాల్లోనే అంతకు మించి ఎండను ఆపేస్తుంది. మొక్కలు సన్నగా సాగుతుంటే ఎరువు వేసేముందు నెట్ మీద వేలు పెట్టి ఒకసారి రుద్ది చూడండి.